అటువైపు మడత, ఇటువైపు కోత

మొన్న డిసెంబరులో మా అమ్మాయి నందిగామ బజారు నుంచి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి నా ముందు కుమ్మరించింది. తెల్లటి థర్మోకోల్ పూసలు, మెరుపులద్దిన ప్లాస్టిక్ చుక్కలు.

"ఏమిటే ఇవి?" అన్నాను.

"మంచు, అమ్మా. మా క్లాసు గోడ మీద చలికాలం అంటించాలి. అందుకే మంచు కొనుక్కొచ్చా," అంది.

మంచు కొనుక్కోవడమేమిటి, నా మొహం! నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. మంచు అనేది కొనేది కాదు, వండుకునేది. గంజి కాచి, సిమెంటు బస్తా కాగితం అందులో ముంచి, ఆరబెట్టి, సున్నం పూసి, నీలిమందు చుక్క చిలకరించి వండుకునేది. అలా వండే మనిషిని నేను కళ్ళారా చూశాను. జగ్గయ్యపేటలో మేము అద్దెకున్న రోజుల్లో ఎదురింటి పిన్నిగారు ఆవిడ. కార్తీకమాసంలో పోయారని కబురు ఆలస్యంగా తెలిసింది. ఇవాళా రేపా అనుకుంటూ పలకరించడానికి వెళ్ళనేలేదు. ఆ పూసల సంచి చూశాక ఇంక ఆగలేకపోయాను. ఆదివారం బస్సెక్కుతానని ఇంట్లో చెప్పేశాను.

ఆవిడ నాకు చుట్టం కాదు. తొంభైల మొదట్లో, కొత్తగా కాపురానికొచ్చినప్పుడు మా ఆయనకి సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం. మా ఇంటి ముందు నుంచే రాయి లారీలు పోయేవి. ధనుర్మాసం వచ్చింది కదా అని నేను చీకటితో లేచి, వణుకుతూ కళ్ళాపి చల్లి, ఇంత ముగ్గు వేసేదాన్ని. పాలబ్బాయి వచ్చేలోపల రెండు లారీలు పోయేవి. ముగ్గు మాయం. తెల్లటి దుమ్ములో తెల్లటి ముగ్గు ఏం కనిపిస్తుంది? మర్నాడు మళ్ళీ వేసేదాన్ని. నాకూ పంతం తక్కువేం కాదు.

ఒకరోజు ఎదురింటి అరుగు మీద నుంచి, నడుం మీద చేతులు పెట్టుకుని ఒకావిడ కేకేసింది.

"ఏమ్మాయ్! ఎందుకమ్మా బూడిదలో పోసిన పన్నీరు! లోపలికెళ్ళి కాస్త కాఫీ తాగు. నే వస్తున్నా."

పావుగంటలో రోడ్డు దాటి వచ్చింది. పొట్టి మనిషి, గుండ్రటి మొహం, కాసంత బొట్టు. చేతిలో తపేలాడు మైదా జిగురు. చంకలో ఒక కాగితం చుట్ట. నన్ను పేరైనా అడక్కుండా నా తలుపు మీద జిగురు రాసి, చుట్ట విప్పి అంటించేసింది. కాగితం ముగ్గు! మధ్యలో పద్మం, చుట్టూ చిలకలు, అంచుకి తీగలు. అంతా ఒకే కాగితం. ఎక్కడా అతుకు లేదు.

"ఇంక లారీవాడు కాదు కదా, వాడి తాత వచ్చినా చెరపలేడు," అంది. జిగురు నీలంగా ఉందేమిటని అడిగాను. "మైలుతుత్తం కలిపా. లేకపోతే బొద్దింకలు నీ ముగ్గుని పలహారం చేసేస్తాయి."

అలా మొదలైంది మా స్నేహం. ఆవిడ నన్ను ఎన్నుకుంది. నేనేం అడగలేదు.

ఇంటి ఇల్లాళ్ళు బొడ్లో తాళంచెవులు దోపుకుంటారు. ఆవిడ బొడ్లో కత్తెర ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని తీసి, కొప్పులో రెండుసార్లు రుద్దుకుని, చేతికందిన కాగితం కొయ్యడం మొదలుపెట్టేది. తలకి రాసుకున్న కొబ్బరినూనె కత్తెరకీ పనికొస్తుందని ఆవిడ లెక్క. పెళ్ళి శుభలేఖలు, కేలెండరు వెనక తెల్లవైపు, చీరల కొట్టు అట్టలు, మిఠాయి డబ్బాల బంగారు కాగితం, ఏదీ ఆ గడప దాటి బయటికి పోయేది కాదు. ఆవిడ భర్త, నేను బాబాయిగారనేదాన్ని, లారీ బుకింగ్ ఆఫీసులో గుమాస్తా. పేపరు చదవాలంటే ఆయన ఆవిడకంటే ముందు లేవాలి. ఆలస్యమైతే నడిమధ్యలో నెమలి ఆకారంలో కన్నం ఉండేది. "ఇవాళ ప్రభుత్వం నెమలి వరకూ బానే ఉందమ్మా, ఆ తరవాత ఏమైందో తెలీదు," అనేవారు నాతో. ఆయన మాట్లాడేదే తక్కువ. మాట్లాడితే ఇలాంటివే.

ధనుర్మాసం మొదలై నెలగంట పెట్టిన రోజు నుంచి ఆవిడ చలికాలం పని మొదలయ్యేది. ముందు ముగ్గులు, తరవాత పసుపు కాగితంతో గుమ్మడిపూలు, ఆపైన గుమ్మానికి తోరణాలు. అన్నిటికన్నా పెద్ద పని మంచుకొండ. సంక్రాంతి బొమ్మల కొలువులో పై మెట్టు మీద ఆ కొండ ఉండాలి, దాని కింద దశావతారాలు నిలబడాలి. చిరిగిన సిమెంటు బస్తాలు బాబాయిగారు ఆఫీసు నుంచి మోసుకొచ్చేవారు. అప్పట్లో కొన్ని బస్తాలు దళసరి కాగితంవి వచ్చేవి. పైపొర పారేసి, మధ్య పొర దులిపి, గంజిలో ముంచి, గుప్పిట్లో నలిపి, వెదురు మోడా మీద కప్పి కొండ నిలబెట్టేది. పొగమంచు పట్టిన రోజుల్లో అది రెండు రోజులైనా ఆరేది కాదు. అప్పుడు వేణ్ణీళ్ళ పొయ్యి పక్కన పెట్టి, చంటిపిల్లకి సాంబ్రాణి పొగ వేసినట్టు అటూ ఇటూ తిప్పుతూ కూర్చునేది. ఆరాక సున్నం.

"నీలిమందు చుక్క పడితేనే మంచు. పడకపోతే ఉప్పు," అనేది.

వీధిలో ఎవరో ఒకావిడ మూతి తిప్పి, "మంచుకొండ ఎప్పుడైనా చూశావా నువ్వు?" అని అడిగింది. పిన్నిగారు తలెత్తకుండా, "నువ్వు వైకుంఠం చూశావా? ఇంట్లో పటం పెట్టుకోలా?" అంది. ఆవిడ మళ్ళీ నోరెత్తితే ఒట్టు.

నాకూ నేర్పుదామని చూసింది పాపం. నా చేతిలో కత్తెర పడితే కాగితానికి ఆయుష్షు తీరినట్టే. మడత వైపు కోసేసేదాన్ని, పువ్వు కాస్తా ముక్కలుముక్కలుగా ఒళ్ళో రాలేది. ఆవిడ విసుక్కునేది కాదు. ప్రతిసారీ ఒకే మాట, ఒకే రాగం:

"కాయితం తిప్పాలమ్మాయ్, కత్తెర తిప్పకూడదు."

ఆ మాట నేను ఎన్ని వందలసార్లు విన్నానో. చివరికి ఆవిడే ఆశ వదులుకుని, "నీ వల్ల కాదు గానీ, మడతలు పెట్టు చాలు," అంది. మడతలూ నాకు వంకరే. అప్పుడు మాత్రం ఆవిడ మొహంలో ఏదో కనిపించింది. నా మడత విప్పి, చదును చేసి, మళ్ళీ మడిచి, అదీ నచ్చక పక్కన పెట్టేసింది.

"నాకూ మడత రాదు. కొయ్యడమే వచ్చు. మడత అక్కయ్యది," అంది.

అక్కయ్య అంటే తోడికోడలు. పక్క వాటాలోనే ఉంది. మధ్యలో గోడ.

ఆ గోడ సంగతి ఆవిడే చెప్పింది, సున్నం కలుపుతూ. నిజానికి ఒకే ఇల్లు, ఒకే పొడుగాటి వసారా. కొత్త కోడలిగా పిన్నిగారు వచ్చినప్పుడు పెద్దావిడే చేయి పట్టుకుని కత్తెర నేర్పిందట. పెద్దావిడ మడత పెడితే చిన్నావిడ కోసేది. ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకే తోరణం. అత్తగారు పోయాక అన్నదమ్ములు వేరుపడ్డారు. పెద్దమనుషులు కూర్చుని చెంబూ తపేలాతో సహా పంచేశారు. ఆఖర్న అత్తగారి బొమ్మలపెట్టె మిగిలింది. కొండపల్లి చెక్క బొమ్మలు, దశావతారాల వరస. వాటి మీద అందరూ తలలు గోక్కుంటుంటే, న్యాయం చెప్పొచ్చిన ఒకాయన కండువా దులుపుకుని, "పదేగా, చెరి అయిదు," అనేశాడట.

"అంతే, వరసలో పై అయిదు పెద్దకోడలికి, కింది అయిదు చిన్నకోడలికి," అంది పిన్నిగారు. "ఎవరూ ఆలోచించలా. ఆయన బొమ్మలంటే కొబ్బరికాయలనుకున్నాడు."

పెద్దావిడకి వచ్చినవి చేప, తాబేలు, పంది, నరసింహుడు, పొట్టి వామనుడు. చిన్నావిడకి పరశురాముడు, రాముడు, బలరాముడు, కృష్ణుడు, గుర్రమెక్కిన కల్కి. పెద్దావిడ పుట్టిల్లు కోదాడ వైపు. కోపమొస్తే ఆ యాస పైకొచ్చేది. "గిదేం పంపకం! నాకు జంతువులు, దానికి దేవుళ్ళా?" అని అక్కడే లేచిందట. వేలెత్తి చిన్నావిడకి చూపించి, "ఇంక నా గడప తొక్కకు," అంది. ఆ అయిదింటినీ ఎర్రగుడ్డలో కట్టి, పెట్టెలో పడేసి, అటక ఎక్కించేసింది. ఇంక కొలువూ లేదు, మాటా లేదు. గోడ లేచింది.

"మీ రాముణ్ణీ కృష్ణుణ్ణీ ఆవిడకే ఇచ్చెయ్యకపోయారా?" అన్నాను నేను, పెద్ద ఆరిందాలాగా.

"పంపించా. తిప్పి పంపింది. దానం తీసుకునే కొంపా నాది, అందంట. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, ఏం చేస్తాం." కాసేపు సున్నం కలిపి, "నాకు బొమ్మలు కాదమ్మాయ్ కావాల్సింది. అక్కయ్య కావాలి. బొమ్మలు వస్తే అక్కయ్య వచ్చినట్టే," అంది.

తన వైపు లేని అయిదు అవతారాలనీ ఆవిడ ఏటా కాగితంతో చేసేది. పాత కాగితాలు నానబెట్టి, రుబ్బి, ఆ గుజ్జుతో ఒళ్ళు. కోసిన కాగితాలతో చేపకి పొలుసులు, నరసింహుడికి జూలు, వామనుడికి గొడుగు. ఎంత బాగుండేవంటే, పేరంటానికి వచ్చినవాళ్ళు అసలు బొమ్మల్ని వదిలేసి వీటినే చూసేవారు. మూడు రోజులయ్యాక రాత్రి కొలువులో ఒక బొమ్మని పడుకోబెడతారు, కొలువు ముగిసిందని. మర్నాడు పొద్దున్నే పిన్నిగారు బకెట్టుతో నీళ్ళు తెచ్చి, ఆ అయిదు కాగితం బొమ్మల్నీ అందులో ముంచేసేది. రంగులు విడిపోయి, చేపా పందీ అన్నీ కలిసిపోయి, సాయంత్రానికి ఉత్త గుజ్జు.

మొదటిసారి చూసి నేను గావుకేక పెట్టాను. "అయ్యో, దాచుకోవచ్చు కదండీ!"

"దాచుకుంటే ఇవే నా బొమ్మలైపోతాయి. ఇవి ఈ ఏటికే. వచ్చే ఏడు అసలువి వస్తాయి."

అంత ధీమాగా చెప్పేది, ఎవరో బస్సులో పంపిస్తామన్నట్టు.

పేరంటానికి బొట్టుపెట్టి పిలవాలి కదా. వీధంతా తనే తిరిగేది గానీ, ఆ పక్క వాటాకి మాత్రం ఏటా ఎవరినో పంపేది. "గడప తొక్కొద్దంది నన్ను. బొట్టు పెట్టించొద్దనలేదుగా!" ఆ ఏడు కుంకుమ భరిణె నా చేతిలో పెట్టింది. సరేనని వెళ్ళాను.

పెద్దావిడ పొడుగ్గా, సన్నగా, కర్రలా ఉంది. బొట్టు పెట్టించుకుంది. ముత్తయిదువ కుంకుమని కాదనకూడదు, అందుకు. "సాయంత్రం కొలువు చూడ్డానికి రమ్మన్నారండీ," అన్నాను. ఇంక వెనక్కి తిరగబోతుంటే అంది:

"ఏమ్మా, ఈ ఏడు పందికి కోర ఎటు పెట్టింది?"

నేను నోరు వెళ్ళబెట్టాను. "పైకే పెట్టారండీ."

"కిందటేడు కిందికి పెట్టిందంటగా. భూమినెత్తే కోర కిందికెట్లా ఉంటది? చేపకి పొలుసులు?"

"ఇంకా పూర్తవలేదండీ. మడత సరిగ్గా కుదరడంలేదని..."

"కుదరదు. దానికి మడత ఎప్పుడూ వంకరే." అంటూనే కేలెండరు కాగితం ఒకటి చింపింది. మోకాలి మీద పెట్టుకుని, బొటనవేలి గోరుతో గీటి, మడిచింది. మళ్ళీ గీటి, మళ్ళీ మడిచింది. ఇస్త్రీ చేసినట్టు వచ్చింది మడత. నా చేతిలో కుక్కి, "నేనిచ్చానని చెప్పకు," అంది.

నేను ఇటొచ్చి, ఏమీ ఎరగనట్టు, "పిన్నిగారూ, ఇది మడిచానండీ, పనికొస్తుందేమో చూడండి," అన్నాను. ఆవిడ అందుకుంది. అంచు మీద గోటిగీత ఉంది. దాని మీద వేలితో మెల్లగా రాసింది. నా మొహంలోకి చూసింది. నాకు అబద్ధం ఆడటం చేతకాదు, చెవులు ఎర్రబడతాయి.

"బానే మడిచావే," అంది. కత్తెర కొప్పులో రుద్దుకుని కొయ్యడం మొదలుపెట్టింది. విప్పితే పొలుసులు వరసలు వరసలుగా, చేప కదిలిపోతుందేమో అన్నట్టున్నాయి.

ఆ తరవాత ఏటా ఇదే తంతు. చలికాలం వచ్చిందంటే నాకు రెండు కొంపల మధ్య రాయబారమే పని. అటువైపు మడత, ఇటువైపు కోత. పెద్దావిడ మడిచి, "నేనిచ్చానని చెప్పకు," అనేది. చిన్నావిడ కోసి, "నీ చెయ్యి తిరిగిందే," అని నన్ను మెచ్చుకునేది. ఇద్దరికీ తెలుసు. ఇద్దరికీ తెలుసని నాకూ తెలుసు. కోసినవాటిలో ఒకటి చేతికిచ్చి, "ఇది దారిలో ఎక్కడైనా పారెయ్యి," అనేది పిన్నిగారు. నేను దాన్ని తిన్నగా పెద్దావిడ గుమ్మానికి తగిలించి వచ్చేదాన్ని. మా ఆయన, "వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటే నీకు ఉద్యోగం పోతుంది," అని ఎగతాళి చేసేవారు. ఒక్క మాటతో తేలిపోయే దానికి ఇన్నేళ్ళు! దొందూ దొందే అని లోపల తిట్టుకునేదాన్ని. కానీ ఆ మడత పట్టుకుని రోడ్డు మీద నడుస్తుంటే మాత్రం, నిజం చెప్పాలంటే, నాకు బోలెడంత సంతోషంగా ఉండేది.

కొన్నేళ్ళకి పెద్దావిడ భర్త పోయారు. వానాకాలం చివర్లో. చావింట్లో గడప తొక్కడం, తొక్కకపోవడం ఎవరూ చూడరు. పిన్నిగారు వెళ్ళి పది రోజులూ అక్కడే ఉండి వండి పెట్టింది. పదకొండో రోజుకి ఇటొచ్చేసింది. "మాట్లాడిందా?" అని అడిగాను. "ఉప్పు తక్కువైందంది ఒకసారి," అంది. ఆ మాటకే ఆవిడకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ధనుర్మాసం వచ్చింది. ఆ ఏడు రెండు వాటాలకీ పండగ లేదు. కొలువు లేదు, పేరంటం లేదు. ఉన్నా పెద్దావిడకి ఇంక బొట్టుపెట్టి పిలవడానికి లేదు. పిన్నిగారిని చూస్తే నాకు భయమేసింది. కత్తెర బొడ్లో ఉంది గానీ బయటికి తియ్యడం లేదు. పెద్దావిడ గుమ్మానికి కిందటేటి గుమ్మడిపూలు దుమ్ముకొట్టుకుని వేలాడుతున్నాయి.

ఒకరోజు పొగమంచు ఎదుటి మనిషి కనపడనంతగా పట్టింది. పిన్నిగారు మా ఇంటికొచ్చి, "లే, పద," అంది. చేతిలో తెల్లకాగితాలు. నా చేయి పట్టుకుని పెద్దావిడ గుమ్మం ముందుకి లాక్కుపోయింది. గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. తొక్కి లోపలికి వెళ్ళింది.

పెద్దావిడ వంటింటి గుమ్మంలో ముసుగుపెట్టుకుని కూర్చుని ఉంది. తలెత్తి చూసింది.

"ఎందుకొచ్చినవ్?"

"ఏటా బొట్టు పంపేదాన్ని. ఇప్పుడు బొట్టు పంపడానికి లేకపాయె. కాయితం తెచ్చా. మడిచి పెట్టు."

"నీకు మతుందా? ఈ ఇంట్లో అలంకారాలేంది? నలుగురూ ఏమనుకుంటరు?"

"పండగలు మానేస్తాం, మైల అని. చలికి మైలేంటక్కయ్యా? ఈ ఏడు చలి రాలా? బయట మంచు పడట్లా? నేను పండక్కి అడగట్లేదు, చలికి అడుగుతున్నా."

బయట లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. పెద్దావిడ చెయ్యి చాపింది. కాగితం తీసుకుని మోకాలి మీద పెట్టుకుని, గోటితో గీటింది.

"వంకర చూపులు చూస్తవేం? దగ్గరికొచ్చి కూర్చో," అంది. నన్నో, ఆవిడనో తెలీలేదు. ఇద్దరం కూర్చున్నాం.

ఆ చలికాలం పెద్దావిడ పెరట్లో మంచుకొండ లేచింది. దేవుళ్ళు లేరు, మెట్లు లేవు, ఉత్త కొండ. నీలిమందు చుక్క ఎవరు వెయ్యాలో వాళ్ళిద్దరూ పోట్లాడుకున్నారు. ఇన్నేళ్ళు మాట్లాడుకోనివాళ్ళు మొదటి రోజే ఎంత పోట్లాడుకోగలరో నాకు ఆ రోజు తెలిసింది.

మరుసటేడు నెలగంట రోజున పెద్దావిడే మమ్మల్ని పిలిచింది. బాబాయిగారి చేత అటక మీది పెట్టె దింపించింది. పిన్నిగారు స్నానం చేసి, పట్టుచీర కట్టుకుని వచ్చింది, పెళ్ళికి వచ్చినట్టు. పెద్దావిడ ఎర్రగుడ్డ ముడి విప్పింది. చేపని తీయబోతే చేతిలోనే చిట్లిపోయింది.

లోపల చెక్క లేదు. రంగు మాత్రం గుడ్డుపెంకులా పైన నిలిచి ఉంది, లోపలంతా పొడి. తాబేలు, పంది, నరసింహుడు, వామనుడు, అన్నీ అంతే. చెదలు అన్నేళ్ళుగా తీరిగ్గా తినేశాయి. ముట్టుకుంటే రాలిపోతున్నాయి.

పెద్దావిడ గుడ్డ ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. తరవాత గట్టిగా ఏడ్చింది. భర్త పోయినప్పుడు కూడా అలా ఏడవలేదని బాబాయిగారు తరవాత చెప్పారు.

"ఒక్కనాడు తీసి ఎండకి పెట్టలేదే. నువ్వు అడుగుతావని దాచిన. అడిగితే ఇవ్వకూడదని దాచిన. తరవాత్తరవాత ఇద్దామనే ఉండె నాకు. వచ్చే ఏడిద్దాం, వచ్చే ఏడిద్దాం అని... నా పంతమే తినేసిందే వీటిని."

పిన్నిగారు ఏమంటుందోనని ఆవిడ వైపు చూశాను. అన్నేళ్ళు ఎదురుచూసింది వీటి కోసమే కదా. ఆవిడ వంగి, చేప రంగుపెంకు ముక్క ఒకటి వేలి మీదకి తీసుకుని, వెలుగులో పెట్టి చూసింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా లేదు.

"పొలుసులు ఇలాగా ఉంటాయి! ఇన్నేళ్ళూ తలకిందులుగా వేశా కదక్కయ్యా నేను," అంది. ఏడుస్తున్న పెద్దావిడ కూడా నవ్వేసింది.

"ఆ పొడి పారెయ్యకు. బకెట్టు తెచ్చిపెట్టమ్మాయ్." నాకు అర్థం కాలేదు. పిన్నిగారు ఆ పొడినంతా ఒక్క రేణువు పోకుండా గుడ్డలోనించి దులిపి, కాగితం గుజ్జులో కలిపేసింది. చింతగింజల జిగురు పోసి ముద్ద చేసింది. ఆ ముద్దతోనే అయిదు అవతారాలూ లేచాయి. మడతలన్నీ పెద్దావిడవి, కోతలన్నీ ఈవిడవి. పంది కోర మాత్రం పెద్దావిడ తనే పెట్టింది, ఎవరినీ నమ్మక. కొలువు పిన్నిగారి వాటాలో, మధ్య గోడ దగ్గరే పెట్టారు. పెద్దావిడ చాటుగా వంటింటి తలుపు వెనక నిలబడితే, పిన్నిగారు వీధి పేరంటాళ్ళందరి ముందూ ఆవిడని చేయి పట్టి లాక్కొచ్చి పీట మీద కూర్చోబెట్టింది. ఒకరిద్దరు గుసగుసలాడారు. పిన్నిగారు కత్తెర తీసి కొప్పులో రుద్దుకుంటూ వాళ్ళ వైపు చూసింది. గుసగుసలు ఆగిపోయాయి.

మూడు రోజులయ్యాక పొద్దున్నే నేను అలవాటు కొద్దీ బకెట్టు నింపుకుని తీసుకెళ్ళాను.

"అదెందుకు?" అంది.

"కాగితం బొమ్మలకండీ."

"కాగితం బొమ్మలేంటి? అసలువి వచ్చాయిగా," అని బకెట్టు లాక్కుని చామంతి పాదులో పోసేసింది. అయిదు చెక్కవీ, అయిదు కాగితంవీ కలిపి ఒకే పెట్టెలో పెట్టింది. పెట్టె ఎవరింట్లో ఉండాలన్నదాని మీద ఇంకో పోట్లాట. చివరికి గోడకి తలుపు పెట్టించారు.

తరవాత మా ఆయన ఉద్యోగం మారి మేము నందిగామ వచ్చేశాం. ఉత్తరాలు రాసే మనిషి కాదు ఆవిడ. నెలగంటకి ఎవరో ఒకరి చేత కాగితం ముగ్గు పంపేది. మా తలుపుకి అంటించేదాన్ని. కిందటేటిది కూడా వచ్చింది. ఈ ఏడు రాలేదు.

ఆదివారం బస్సు దిగి వెళ్ళేసరికి బాబాయిగారు అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నారు. నన్ను చూసి పక్కకి జరిగారు. తరవాత పేపరు మడిచి, "ఇప్పుడు మొత్తం చదవగలుగుతున్నానమ్మా. ఎక్కడా కన్నం లేదు," అన్నారు. ఆయన పక్కనే కూర్చుని ఏడ్చాను.

లోపల పెద్దావిడ, గోడ తలుపు దగ్గర చాప మీద కూర్చుని ఉంది. బాగా వడిలిపోయింది. ముందు ఒక దొంతర. అన్నీ మడిచిన కాగితాలు. అంచుల మీద గోటిగీతలు. ఒక్కటీ కోసింది లేదు.

"వచ్చినవా," అంది. "చూడు, చేప మెత్తబడ్డది. పొలుసులు ఊడినయి. మళ్ళీ చెయ్యాలె. ఈ ఏడు మాకు పండగ లేదనుకో. కానీ చలికి మైలేంటి అనేది గదా అది." దొంతర మీద చెయ్యి వేసింది. "మడతలైతే పెట్టిన. కోసేవాళ్ళు లేరు."

ఒళ్ళోంచి కత్తెర తీసి నా చేతికిచ్చింది. దాని మీద ఇంకా కొబ్బరినూనె వాసన వస్తూనే ఉంది.

"నాకు రాదండీ పెద్దమ్మగారూ. ఆవిడ ఎంత నేర్పినా రాలేదు. పాడైపోతుంది మీ మడత."

"దానికి మాత్రం వచ్చిందా మొదట? వచ్చిన కొత్తల ఎన్ని కాయితాలు తగలేసిందో నాకే తెలుసు. పట్టుకో."

పట్టుకున్నాను. మడత వైపు కాకుండా, జాగ్రత్తగా, రెండో వైపు నుంచి మొదలుపెట్టాను. వంపు వచ్చేచోట చేయి తిరగలేదు. కత్తెర వంకరపోతోంది. పెద్దావిడ నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"కాయితం తిప్పాలమ్మాయ్," అంది. "కత్తెర తిప్పకూడదు."

అదే మాట. అదే రాగం. అన్నేళ్ళూ అది పిన్నిగారి మాటనుకున్నాను. కళ్ళు మసకబడి ముందున్న కాగితం కనిపించలేదు.

"తిప్పు," అంది పెద్దావిడ, నా మణికట్టు వదలకుండా.

నేను కాగితం తిప్పాను.